ఐరోపా కళాసిద్ధాంతములు: అవి పుట్టిన నేలలు

ధర్మపురి నుండి సేలమునకు పోవు దారిలో అదియమాన్‌కోట యను గ్రామము కలదు. అచ్చటి చెన్నరాయ పెరుమాళ్ కోవెల మంటపమున నిలిచి తల యెత్తి చూచినచో, పైకప్పున వర్ణచిత్రములు కానవచ్చును. రామాయణ భారత కథా ఘట్టములు వరుసగా సాగిపోవుచుండును. కాలము కొన్నిచోట్ల రంగులను మాపివేసినను, మిగిలిన మేర అవి నేటికిని చూపరులను నిలువరించును.

ఒక సెలవు దినమున మా విద్యార్థులు కొందరిని, వారితో వచ్చిన తల్లిదండ్రులను ఆ చిత్రముల క్రింద నిలిపి కథలు చెప్పుచుంటిని. ఆరవ తరగతి బాలుడొకడు, "సార్, దూరంగా ఉన్నవాళ్లు చిన్నగా కనపడాలి గదా? ఇక్కడ వెనక ఉన్నవాళ్లు కూడా ముందున్నవాళ్ల మాదిరే ఉన్నారే! ఈ బొమ్మలు గీసినాయనకు అది తెలియదా?" అని అడిగెను. అంతకు ముందు నెలలోనే వాడు డ్రాయింగు తరగతిలో రైలు పట్టాలు దూరమున ఒక బిందువు వద్ద కలియునట్లు గీయుట నేర్చుకొనియుండెను. నేను నోరు విప్పకమునుపే వాని తండ్రి, "పాతకాలపు వాళ్లు నాయనా, వాళ్లకు ఇవన్నీ ఎట్లా తెలుస్తాయి?" అని సమాధానము చెప్పివేసెను.

బాలుని ప్రశ్న మంచిదే. తండ్రి సమాధానమే నన్ను చాలకాలము వెంటాడినది. చిత్రమనగా ఒకచోట నిలిచిన మనుష్యుని కంటికి లోకము ఎట్లు కనబడునో అట్లు గీయునదే యని ఇరువురును నమ్మియున్నారు. ఆ నమ్మకము మనకు ఎచ్చటి నుండి వచ్చినది? ఎవరు, ఏ కాలమున, ఏ యవసరము చేత దానిని కల్పించిరి? ఆ తండ్రికి నాడు చెప్పలేకపోయిన సమాధానమును ఈ వ్యాసమున చెప్ప యత్నించుచున్నాను. చిత్రకళను అభ్యసించినవారికి మాత్రమే గాక, పిల్లల నోటుపుస్తకములను ప్రతిదినము చూచు తల్లిదండ్రులకును ఇది ఉపయోగపడునని నా ఆశ.

కళాసిద్ధాంత మనగా మూడు ప్రశ్నలకు సమాధానము. కళ యనగా నేమి? అది ఎందులకు? దానిలో మంచిచెడ్డలను కొలుచుట ఎట్లు? ఈ ప్రశ్నలకు ఐరోపావారు ఒక్క సమాధానము చెప్పియుండలేదు. కాలమునకొకటి, నగరమునకొకటి చెప్పిరి. వానిని వరుసగా పరిశీలించినచో ప్రతి సమాధానము వెనుకను ఒక సంత గాని, ఒక దేవాలయము గాని, ఒక రాజాస్థానము గాని కానవచ్చును.

ఏథెన్సు రంగస్థలము

క్రీస్తునకు పూర్వము 5వ, 4వ శతాబ్దులలో ఏథెన్సు నగరమున డయొనీసస్ దేవుని ఉత్సవములు జరిగినపుడు, కొండవాలున అమర్చిన ఆసనములపై వేలాది పౌరులు కూర్చుండి నాటకములు చూచెడివారు. ద్రౌపదీ అమ్మవారి తిరునాళ్లలో రాత్రియంతయు తెరుక్కూత్తు చూచు మన ప్రాంతపు గ్రామస్థులకు ఈ దృశ్యము క్రొత్త కాదు. హోమరు కావ్యములే నాడు బాలురకు పాఠ్యగ్రంథములు. కావున యువకులకు బుద్ధి చెప్పవలసినవాడు కవియా, తత్త్వవేత్తయా యను వివాదము అచ్చట సహజముగ బయలుదేరెను.

ప్లేటో (సుమారు క్రీ.పూ. 427–347) తన "రిపబ్లిక్" గ్రంథపు పదవ భాగమున మంచమును ఉదాహరణముగ గైకొనెను. మంచ మను భావము మొదటిది. వడ్రంగి చేసిన మంచము దానికి అనుకరణము. చిత్రకారుడు గీసిన మంచము అనుకరణమునకు అనుకరణము. కావున చిత్రము సత్యమునకు మూడవ మెట్టున నున్నదని ఆయన తీర్పు. జనసమూహపు తీర్పుచే తన గురువైన సోక్రటీసు క్రీ.పూ. 399లో విషపానము చేయవలసివచ్చుటను ప్లేటో ఎరుగును. జనుల ఆవేశమును రెచ్చగొట్టు కళ యనిన ఆయనకు భయము కలుగుట వింత కాదు.

ఆయన శిష్యుడైన అరిస్టాటిల్ (క్రీ.పూ. 384–322) ఒక వైద్యుని కుమారుడు, జీవజాలమును శ్రద్ధతో పరిశీలించినవాడు. అనుకరణము మనుష్యునికి బాల్యము నుండియు సహజమనియు, దాని మూలముననే అతడు మొదట నేర్చుకొనుననియు ఆయన చెప్పెను. విషాదాంత నాటకము కరుణను భయమును కలిగించి, ఆ భావములకు కథార్సిస్, అనగా ప్రక్షాళనము, చేయునని బోధించెను. ఆ మాట వైద్యులును వాడునదే. మన భరతుడు నాట్యశాస్త్రమున ఇదే ప్రశ్నకు ఉపమానమును వంటయింటి నుండి తెచ్చెను: వ్యంజనములు కలిసిన అన్నమును భుజించువాడు రుచిని ఆస్వాదించునట్లు, ప్రేక్షకుడు రసమును ఆస్వాదించును. గ్రీకుల ఉపమానము వైద్యశాల వైపునకు చూపును, మనది భోజనపంక్తి వైపునకు. నాటకమును చూచిన మనుష్యునిలో మార్పు కలుగుననుట ఉభయులకును సమ్మతమే. ఆ మార్పునకు పేరు పెట్టునపుడు మాత్రము ఎవరి యింటి మాట వారి నోట వచ్చెను.

దేవాలయము, వృత్తిసంఘము

క్రైస్తవ మతము వ్యాపించిన పిదప ప్రశ్న మారెను. విగ్రహారాధన పాపమను మతమున చిత్రములకు చోటు కలదా? సుమారు క్రీ.శ. 600లో మార్సెయి నగరపు బిషప్పు ఒకడు చర్చిలోని చిత్రములను నాశనము చేయింపగా, పోప్ మొదటి గ్రెగొరీ ఆయనను మందలించుచు, చదువురాని వారికి చిత్రములే గ్రంథములని లేఖ వ్రాసెను. 8వ, 9వ శతాబ్దులలో బైజాంటియమ్ సామ్రాజ్యమున ఈ విషయమై ఘోరమైన కలహములే జరిగినవి. చిత్రమునకు చూపు గౌరవము చిత్రింపబడిన పుణ్యపురుషునికి చెందునని 787లో నైసియా మహాసభ తీర్మానించెను.

ఇట్టి లోకమున చిత్రము కంటికి కనబడునట్లుండుట ముఖ్యము కాదు. భక్తిని నిలుపుట ముఖ్యము. ఆకాశమున్న చోట బంగారపు రేకు అంటించిరి. పూజ్యులను పెద్దగాను, సేవకులను చిన్నగాను గీసిరి. సుమారు 1310లో జొత్తో యను మహాచిత్రకారుడు చిత్రించిన మేరీమాత నేడు ఫ్లారెన్సులోని ఉఫీజీ చిత్రశాలలో నున్నది. ఆ పటమున ఆమె చుట్టునున్న దేవదూతలకంటె ఎంతయో పెద్దది. లేపాక్షి వీరభద్రస్వామి ఆలయమున 16వ శతాబ్దపు పైకప్పు చిత్రములలో వీరభద్రుడు బ్రహ్మాండముగను, ఆలయ దాతలైన విరూపణ్ణ, వీరణ్ణ సోదరులు చిన్నగను కనబడుటకును కారణమిదియే. అచ్చట పరిమాణము దూరమునకు గుర్తు కాదు, గౌరవమునకు గుర్తు. ఐరోపాయును సుమారు వేయి సంవత్సరములు ఇట్లే చిత్రించినదని మనము మరువరాదు.

ఆ కాలపు చిత్రకారుని నేటివలె కళాకారుడని ఎవరును పిలువలేదు. అతడు వృత్తిపనివాడు. ఫ్లారెన్సు నగరమున చిత్రకారులు వైద్యుల, మందుల వర్తకుల సంఘమున సభ్యులు; ఏలయన రంగులు అమ్మునది ఆ వర్తకులే. చిత్రము వ్రాయించుకొనువాడు ఒప్పందపత్రమున రంగు ధరను సైతము నిర్ణయించెడివాడు. 1485లో గిర్లాందాయో యను చిత్రకారునితో చేసికొనిన ఒప్పందమున, నీలిరంగు ఔన్సు ఒక్కింటికి సుమారు నాలుగు ఫ్లోరినుల విలువ గలదై యుండవలెనని వ్రాయబడియున్నది. ఆ నీలము ఆఫ్గనిస్తానపు గనుల నుండి వచ్చు రాతిని నూరి తీసినది. చిత్రపు విలువ రంగు విలువ చేతను నిర్ణయింపబడిన కాలమది.

ఫ్లారెన్సు వర్తకుల కన్ను

ఆ ఫ్లారెన్సులోనే మన బాలుడు డ్రాయింగు తరగతిలో నేర్చుకొనిన పద్ధతి పుట్టెను. దూరము పెరిగినకొలది వస్తువులు చిన్నవగుచు తుదకు ఒక బిందువున లయమగునట్లు గీయు పద్ధతిని నేటి ఉపాధ్యాయులు పర్‌స్పెక్టివ్ అందురు. 15వ శతాబ్దపు ఆరంభమున బ్రూనెల్లెస్కి యను శిల్పి దానిని ప్రయోగపూర్వకముగ ప్రదర్శింపగా, 1435లో ఆల్బెర్టి "చిత్రకళను గూర్చి" యను గ్రంథమున దానికి శాస్త్రరూపము నొసగెను. చిత్రఫలకమును తెరచిన కిటికీగా భావింపుమని ఆయన బోధ.

ఈ సిద్ధాంతము ఆ నగరముననే పుట్టుటకు కారణము లేకపోలేదు. ఫ్లారెన్సు బట్టల వర్తకులకు, వడ్డీవ్యాపారులకు నిలయము. అచ్చటి వర్తకుల పిల్లలు ప్రత్యేక పాఠశాలలలో త్రైరాశికమును, పీపాల ఘనపరిమాణమును కట్టు లెక్కలను నేర్చెడివారు. నిష్పత్తులకు అలవాటుపడిన కన్ను చిత్రమునందును నిష్పత్తిని కోరెను. పియెరో దెల్లా ఫ్రాంచెస్కా యను చిత్రకారుడు పర్‌స్పెక్టివ్‌ను గూర్చియు, వర్తకుల లెక్కలను గూర్చియు కూడ గ్రంథములు వ్రాసెను.

మరియొక విశేషము గలదు. ఆ లెక్కలకు ఆధారమైన అంకెలు మన దేశమున పుట్టి, అరబ్బుల ద్వారా పయనించి, 1202లో ఫిబొనాచ్చి వ్రాసిన గ్రంథము మూలమున ఇటలీలో ప్రచారమునకు వచ్చినవి. కంటిలోనికి కాంతి ప్రవేశించు రీతిని 11వ శతాబ్దమున వివరించిన ఇబ్న్ అల్ హైతమ్ అరబ్బు విద్వాంసుడు. కావున ఐరోపా సిద్ధాంతమని మనము పిలుచునది సైతము కేవలము ఐరోపా సొత్తు కాదు. పలు దేశముల నీరు చేరిన యేరు అది.

ఇక ఆ పద్ధతిలోని నియమమును గమనింపుడు. చూచువాడు ఒక్కడు, వాని కన్ను ఒక్కటి, అది కదలక ఒక్క స్థలమున నుండవలెను. గదిలో గోడకు వ్రేలాడదీసిన పటమునకు, ఎదుట నిలిచి చూచు గృహస్థునికి అది చక్కగా సరిపోవును. వందలాది జనులు నడచుచు, ప్రదక్షిణము చేయుచు, తల పైకెత్తి చూచు కోవెల పైకప్పునకు ఆ నియమము ఎట్లు సరిపోవును? అచ్చట అందరికిని సరియైన ఒక్క స్థలము లేనేలేదు.

రాజాస్థానము, ప్రదర్శనశాల

వృత్తిసంఘముల నుండి బయటపడి పండితులతో సమానముగ కూర్చుండవలెనని ఇటలీ చిత్రకారులు కోరిరి. 1550లో వసారి చిత్రకారుల, శిల్పుల జీవితచరిత్రలను ప్రకటించెను; ఆయన ప్రోత్సాహముననే 1563లో ఫ్లారెన్సున కళాపరిషత్తు ఏర్పడెను. 1648లో పారిసున రాజపోషణమున మరియొకటి వెలసెను. రాజుగారి వైభవమును చాటుట ఆ పరిషత్తునకు ముఖ్యకార్యము గనుక, పురాణ చరిత్ర ఘట్టములను చిత్రించుట ఉత్తమమనియు, మనుష్యుల రూపచిత్రము దాని తరువాతిదనియు, ప్రకృతి దృశ్యములు, పండ్లు, పాత్రలు అంతకంటె తక్కువవనియు మెట్లు కట్టిరి. ఆస్థానమున ఎవరి యాసనము వారికున్నట్లే చిత్రములకును వరుస ఏర్పడెను.

18వ శతాబ్దమున మధ్యతరగతి జనము చిత్రప్రదర్శనములకు రాసాగెను. అపుడే జర్మనీదేశపు బామ్‌గార్టెన్ 1735లో "ఈస్థెటిక్స్" అను క్రొత్త పదమును కల్పించెను. దానినే మనము సౌందర్యశాస్త్ర మనుచున్నాము. 1746లో ఫ్రెంచి పండితుడైన బాత్తో సంగీతము, కవిత్వము, చిత్రము, శిల్పము, నృత్యము అనువానిని లలితకళలని ఒక్క కుటుంబముగ చేర్చెను. 1790లో కాంట్ మహాశయుడు, సౌందర్యమును గూర్చిన తీర్పు ప్రయోజనాపేక్ష లేనిదై యుండవలెనని నిర్ణయించెను. 1793లో పారిసున లూవ్రు రాజభవనము ప్రజల ప్రదర్శనశాలగా తెరువబడెను. బలిపీఠముపై నుండిన పటము గోడకు చేరెను. మ్రొక్కుటకు బదులు చూచుట మిగిలెను. ప్రయోజనము లేని చూపును కాంట్ సిద్ధాంతీకరించుటకును, పూజనుండి విడివడిన వస్తువులకు భవనము వెలయుటకును నడుమ మూడేండ్లే కలవు.

ఈ విభాగమున లాభమును గలదు, నష్టమును గలదు. లలితకళ ఒకవైపున నిలువగా, నేత, కలంకారి, కంచుపని, కుమ్మరిపని మరియొకవైపున కేవలము చేతిపనులుగ మిగిలినవి. మన స్త్రీలు ప్రతి ఉదయమున వాకిట తీర్చు ముగ్గును ఈ కొలబద్దల క్రింద నుంచి చూడుడు. అది దేనిని అనుకరించును? చాలవరకు దేనిని లేదు. కావున ప్లేటో దానిని తన మూడు మెట్లలో ఎచ్చట నుంచవలెనో ఎరుగడు. అది చరిత్ర ఘట్టము కాదు. పారిసు పరిషత్తు దానికి ఆసనమీయదు. గడపకు శుభము కోరి వేయునది గనుక ప్రయోజనాపేక్ష లేనిదనుటకును వీలులేదు. కాంట్ మాత్రము ఏ యర్థమును సూచింపని అల్లికలను స్వేచ్ఛాసౌందర్యమున చేర్చి కొంత కనికరించెను. అన్ని కొలతలకును చిక్కకుండిన ముగ్గు మాత్రము సాయంకాలమునకు చెరగి, మరునాడు మరల పుట్టుచునే యున్నది.

ఫోటో వచ్చిన పిదప

1839లో పారిసున డాగెర్ ఫోటో తీయు విధానము లోకమునకు వెల్లడి యయ్యెను. కంటికి కనబడునట్లు చూపుటలో యంత్రము చిత్రకారుని మించిపోయెను. ఇక చిత్రకారుడు చేయవలసినదేమి? ఈ ప్రశ్నకు సమాధానములే తరువాతి ఉద్యమములు. 1874లో పారిసున కొందరు యువకులు తమంత తాము ప్రదర్శన మేర్పరచి, మారుచుండు వెలుగును పట్టదలచిరి. జపాను దేశపు ముద్రణచిత్రములు వచ్చి, నీడలు లేకయు, లోతు లేకయు చిత్రము నిలువగలదని వారికి చూపినవి. 1907లో పికాసో పారిసులోని ప్రదర్శనశాలలో ఆఫ్రికా ముఖపు తొడుగులను చూచి విస్మితుడయ్యెను. రష్యాలో టాల్‌స్టాయ్, కళ యనగా ఒకని అనుభూతి మరియొకనికి సోకుట యని వాదించెను. 1914లో ఇంగ్లాండున క్లైవ్ బెల్, చిత్రమున ముఖ్యమైనది కథయు గాదు, పోలికయు గాదు, రేఖలకు రంగులకు గల సార్థకమైన అమరికయే యని ప్రకటించెను. ఆయన కొలబద్దతో కొలిచినచో మన వాకిటి ముగ్గు వెంటనే కళయై కూర్చుండును!

ముగ్గు మారలేదు, కొలబద్ద మారినది.

కొలబద్ద మదరాసు చేరుట

1850లో అలెగ్జాండర్ హంటర్ అను వైద్యుడు మదరాసున కళాపాఠశాలను స్థాపించెను. అదియే నేటి చెన్నై ప్రభుత్వ లలితకళా కళాశాలకు మూలము. తెలుగు, తమిళ, కన్నడ, మలయాళ ప్రాంతములలో పెక్కు భాగములు మదరాసు రాజధానికి లోబడియుండిన దినములలో, మన ప్రాంతపు యువకులకు పాశ్చాత్య చిత్రవిద్యకు ద్వారమదియే. ఐరోపాలో నగరముల వివాదముల నుండి పుట్టిన కొలబద్దలు ఇచ్చట వివాదము లేని సత్యములుగ దిగినవి. అది విద్యార్థి దోషము కాదు. సిద్ధాంతము పుట్టిన కథను విడిచి, సిద్ధాంతమును మాత్రమే ఓడనెక్కించిరి.

విమర్శకుల తీర్పులు మరింత కఠినములు. ఇంగ్లాండున మిక్కిలి ప్రఖ్యాతుడైన రస్కిన్, 1857 తిరుగుబాటు జరిగిన మరుసటి యేడు ఒక ఉపన్యాసమున, భారతీయులు ప్రకృతిని ఉన్నదున్నట్లు చిత్రింపరని నిందించెను. నాటి ఆగ్రహపు వేడి ఆ మాటలలో నున్నది. 1910లో లండనున జరిగిన సభలో సర్ జార్జి బర్డ్‌వుడ్, జావా బుద్ధవిగ్రహమొకదానిని ఉడికించిన పిండివంటతో పోల్చి, భారతదేశమున లలితకళ లేదనెను. ఆయన మన దేశమునకు శత్రువు కాడు. మన చేతిపనులను మెచ్చుచు 1880లోనే గొప్ప గ్రంథము వ్రాసినవాడు. చేతిపని వేరు, లలితకళ వేరను 18వ శతాబ్దపు గోడ ఆయన చూపునకు అడ్డు నిలిచినది. ఆ మాటకు నిరసనగ ఇంగ్లాండులోని పదుమువ్వురు కళాకారులు, విమర్శకులు టైమ్స్ పత్రికకు లేఖ వ్రాసిరి. ఆ సంవత్సరమే లండనున ఇండియా సొసైటీ ఏర్పడెను. దానికి ముఖ్యులలో హావెల్ ఒకడు. ఆయన 1884 నుండి కొన్ని సంవత్సరములు మన మదరాసు పాఠశాలకే అధిపతిగ నుండి, దక్షిణదేశపు నేతగాండ్రను, లోహపు పనివారిని దగ్గరగ చూచినవాడు. పిండివంటను చూచినది ఒక ఆంగ్లేయుడు. ధ్యానమును చూచినవారును ఆంగ్లేయులే. కావున ఇది జాతుల తగవు కాదు, చూపుల తగవు.

ఆంధ్రుల సమాధానము

తెలుగువారును ఈ వివాదమున ఊరకుండలేదు. చీరాల పేరాల ఉద్యమనాయకుడుగ మనమెరిగిన దుగ్గిరాల గోపాలకృష్ణయ్య, ఆనంద కుమారస్వామితో కలిసి నందికేశ్వరుని అభినయదర్పణమును ఆంగ్లమున ననువదించెను. ఆ గ్రంథము 1917లో అమెరికాలోని హార్వర్డు విశ్వవిద్యాలయ ముద్రణాలయము ద్వారా వెలువడెను. మన నర్తకుని చేతివ్రేళ్లకు గూడ వ్యాకరణము కలదని పాశ్చాత్య పాఠకులు దాని వలన తెలిసికొనిరి. కుమారస్వామి తరువాత 1934లో ప్రకటించిన గ్రంథమున, మన శిల్పశాస్త్రములను మధ్యయుగపు జర్మను సాధువైన ఎక్‌హార్ట్ భావములతో కలిపి చదివెను. ఐరోపా తన పూర్వపు సిద్ధాంతమును మరచినదే గాని, అది మన సిద్ధాంతమునకు దూరపుది కాదని ఆయన వాదము.

రాజమహేంద్రవరపు దామెర్ల రామారావు (1897–1925) మరియొక మార్గము త్రొక్కెను. అచ్చటి కళాశాలాధ్యక్షుడైన ఆస్వాల్డ్ కూల్డ్రే ఆయన ప్రతిభను గుర్తించి ప్రోత్సహించెను. బొంబాయి జె. జె. పాఠశాలలో ఆయన పాశ్చాత్య పద్ధతిని శ్రద్ధతో అభ్యసించెను; దేహపు కొలతలు, వెలుగునీడలు చక్కగ నేర్చెను. తిరిగి వచ్చి, గోదావరి తీరపు స్త్రీపురుషులను, పురాణకథలను తన రేఖలో చిత్రించెను. రాజమహేంద్రవరమున చిత్రకళాశాలను నెలకొల్పెను. మశూచి చేత 28 ఏండ్లయినను నిండకయే గతించినను, ఆయన చిత్రములు నేటికిని ఆ నగరమున ఆయన పేరిటి చిత్రశాలలో చూడదగియున్నవి. ఆయన కొలబద్దను పారవేయలేదు, దానికి దాసుడును కాలేదు. అది ఎక్కడిదో ఎరిగి వాడుకొనెను.

మన యిండ్లలో

ఈ కథ అంతయు ఎందులకని మీరు అడుగవచ్చును. మా తరగతిలో ఒక బాలిక "మా యిల్లు" అను బొమ్మను గీసెను. అందు ఆమె అవ్వ ఇంటి కప్పుకంటె ఎత్తుగ నిలిచియుండెను. ఇంటివారు తప్పని చెప్పి, ఆ బొమ్మను చెరిపించి తిరిగి గీయించిరి. రెండవ బొమ్మలో అవ్వ కిటికీ అంత అయ్యెను, కొలత సరిపోయినది. మొదటి బొమ్మలో ఆ యింట అవ్వ యెంతటిదో మనకు తెలిసియుండెను. లేపాక్షి చిత్రకారుడును, జొత్తోయును ఆ మొదటి బొమ్మను చూచినచో తప్పు పట్టియుండరు.

భాష విషయమునను ఇట్లే జరుగుచున్నది. మన బిడ్డ "ఎనుము" అని వ్రాయగా, కోస్తా నుండి వచ్చిన చుట్టము "గేదె అనవలెను, అది తెలుగు కాదు" అని నవ్వును. ఎనుము అచ్చమైన తెలుగు మాట, ప్రాచీన నిఘంటువులకెక్కినది, రాయలసీమలో నేటికిని జీవించియున్నది. ఆ చుట్టము చేతనున్న కొలబద్ద ఆయన ఊరిలో పుట్టినది, అంతియే. బడిలో తమిళము, పరీక్షలకు ఆంగ్లము, ఇంట తెలుగు నడుమ పెరుగు మన పిల్లలకు ఎదుటివారి కొలబద్దలు అనేకములు. అవన్నియు తమను తక్కువగనే చూపునని వారు ఒకసారి నమ్మినచో, మొదట నోరు మూయుదురు. పిదప భాషను విడుతురు. ఇది నేను కన్నులార చూచిన సంగతి.

ఇట్లనుటచే పర్‌స్పెక్టివ్ నేర్పవలదని గాని, మన పూర్వులు చేసినదంతయు గొప్పదని గాని నా యభిప్రాయము కాదు. ఇల్లు కట్టు ఇంజనీరునకు ఆ విద్య అవశ్యము. మన శాస్త్రములును కొలత లేనివి కావు. ముఖపు నిడివిని తాళముగ గొని, దేవతామూర్తికి ఇన్ని తాళములని నియమించినవే. ఆ కొలతకు నిలువని శిల్పము మన దృష్టిలోనే లోపము గలది. ప్రమాణ గ్రంథముల తెలుగును మన పిల్లలు తప్పక నేర్వవలెను. ఆంధ్రదేశపు పత్రికలను చదువవలెను. అయితే ఒక కొలతను నేర్పునపుడు అది ఎచ్చట పుట్టినది, దేనిని కొలుచుటకు పుట్టినది యను రెండు మాటలు కూడ చెప్పవలెను. ఆ రెండు మాటలతో నేర్చిన విద్య బిడ్డకు పనిముట్టగును. అవి లేక నేర్చినది భారమగును.

కావున తల్లిదండ్రులకు నా విన్నపము చిన్నది. ఒక సెలవు దినమున పిల్లలను అదియమాన్‌కోటకు తోడ్కొని పొండు. చిత్రము మంచిదా కాదా యని ముందుగ చెప్పకుడు. ఇది ఎవరికొరకు గీసినది, చూచువారు ఎచ్చట నిలిచియుందురు, ఇందు పెద్దగ నున్నవారెవరు, ఎందువలన అని అడుగుడు. అవే ప్రశ్నలను డ్రాయింగు పుస్తకములోని రైలు పట్టాల బొమ్మను గూర్చియు అడుగుడు. రెండింటికిని వేరువేరు సమాధానములు వచ్చును. రెండును సరియైనవే యగును.

ఆ బాలుడు మరల నాతో ఆ కోవెలకు వచ్చినచో, సమాధానముగ వానిని మంటపపు ఒక కొస నుండి మరియొక కొసకు తల పైకెత్తి నడువుమందును. నడచి వచ్చిన పిదప, "నాయనా, నీవు గీసియుంటే ఎక్కడ నిలబడి చూసినట్టు గీసియుందువు?" అని అడుగుదును. వాడు ఆలోచించును. ఈమారు వాని తండ్రియు, తొందరపడక, వానితో కూడ ఆలోచించునని నమ్ముచున్నాను.